పాప కాలు విల్లులా వంగుతోంది, ఆపరేషన్ తేదీ ఇచ్చారు. వెళ్లాలా?

పర్లాకిమిడి_నాన్న · 2025 జూన్ 14, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఈ వేదికలో ఇన్నాళ్లూ చదవడమే కానీ రాయడం ఇదే మొదటిసారి. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. నాకు చిన్న మొబైల్ షాపు ఉంది. మా ఆవిడది పాతపట్నం.

మా పాపకి ఇరవై రెండు నెలలు. పద్నాలుగో నెలలో నడిచింది. ఎడమ కాలు మోకాలి కింద కొంచెం వంకరగా ఉందని పుట్టినప్పుడే మా అమ్మ అంది. నూనె రాసి సాగదీస్తే సర్దుకుంటుందిలే అనుకున్నాం. ఇప్పుడు నిలబడితే విల్లులా కనిపిస్తోంది. నొప్పి లేదు, పరిగెడుతోంది కూడా.

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎముక వంగింది, వంగిన చోట కోసి, నిటారు చేసి ప్లేటు వేద్దాం, చిన్న పిల్లలకి త్వరగా అతుక్కుంటుంది అన్నారు. రథయాత్ర అయ్యాక జూలై మొదటి వారంలో తేదీ ఇచ్చారు, అడ్వాన్సు కూడా కట్టేశాను. కానీ రాత్రి నిద్ర పట్టడం లేదు. ఇలాంటిది ఎవరైనా చూశారా?

---

సిరొంచ_గట్టు · జూన్ 15, ఉదయం 6:45

అన్నా, టెన్షన్ పడకండి. మా బాబుకి కూడా పుట్టుకతో పాదాలు లోపలికి తిరిగి ఉండేవి. మాకు దగ్గర అంటే కాళేశ్వరం వంతెన దాటి వరంగల్ వైపే, అక్కడే చూపించాం. పొన్సెటి పద్ధతి అని వారం వారం పిండికట్లు మార్చారు, ఆరు కట్లు పడ్డాయి. మడమ వెనక నరం చిన్నగా తెంపారు. తర్వాత రెండు బూట్ల మధ్య కడ్డీ ఉండే చెప్పులు, మొదటి మూడు నెలలు రోజంతా, తర్వాత నాలుగేళ్లు వచ్చేదాకా రాత్రిళ్లు. ఇప్పుడు వాడు గోదావరి గట్టు మీద మేకల వెనక పరిగెడతాడు. మీ పాపకి కూడా కట్లతో పోతుందేమో అడగండి.

---

బరంపురం_ఎముకలు · జూన్ 15, ఉదయం 8:10

సిరొంచ గారూ, మీ బాబుకి జరిగింది పాదం వంకర. వెయ్యి మంది పిల్లల్లో ఒకరికి కాస్త అటూ ఇటూగా వస్తుంది, కట్లతోనే సరిపోతుంది. తెంపింది మాత్రం నరం కాదు, పిక్క కండని మడమకి పట్టే స్నాయువు. ఇక్కడ వంకర పాదంలో లేదు, మోకాలికీ చీలమండకీ మధ్య ఉన్న ఎముకలో ఉంది. రెండూ వేరు.

పర్లాకిమిడి గారూ, నేను ఎముకల డాక్టర్నే. ఎక్స్‌రే చూడకుండా రోగం పేరు చెప్పను. మూడు సంగతులు మాత్రం చూసి చెప్పండి.

ఒకటి, వంపు ఎటు ఉంది? పాప నిలబడ్డప్పుడు మోకాలి కింది ఎముక ముందుకీ, బయటి వైపుకీ ఉబ్బినట్టుందా, లేక వెనక్కీ లోపలికీ ఉందా? రెండు, రెండో కాలు మామూలుగానే ఉందా? మూడు, ఒంటి మీద పాలు ఎక్కువ పోసిన కాఫీ రంగులో చదునైన మచ్చలు ఉన్నాయా? ఉంటే లెక్కపెట్టండి. అర సెంటీమీటరు దాటినవే లెక్కలోకి వస్తాయి.

---

పర్లాకిమిడి_నాన్న · జూన్ 15, రాత్రి 9:50

డాక్టరు గారూ, మీరు అడిగారని ఇవాళ స్నానం చేయించేటప్పుడు మా ఆవిడా నేనూ కూర్చుని చూశాం. వంపు ముందుకీ బయటికీ ఉంది. కుడి కాలు బాగానే ఉంది.

మచ్చలు తొమ్మిది ఉన్నాయి. నడుం మీద నాలుగు, పొట్ట మీద రెండు, తొడ మీద రెండు, చంకలో ఒకటి. పెద్దది వేరుశనగ పిక్కంత ఉంది. మా అమ్మ వాటిని లక్ష్మీకళ అంటుంది. పాపని తుడుస్తూ మా ఆవిడ నా వీపు వైపు చూసి ఆగిపోయింది. నాకూ అలాంటివే ఉన్నాయి. మెడ దగ్గర చిన్న మెత్తటి కాయలు కూడా ఉన్నాయి. కొవ్వు గడ్డలు అనుకుని వదిలేశాను.

ఇది నా వల్ల వచ్చిందా?

---

బరంపురం_ఎముకలు · జూన్ 15, రాత్రి 11:05

ముందు ఒక్క మాట. ఆ ఆపరేషన్ తేదీ వాయిదా వేయించండి. అడ్వాన్సు పోతే పోనీ. పెద్ద చోట పిల్లల ఎముకల నిపుణుడు ఎవరికైనా ఆ ఎక్స్‌రే చూపించేదాకా ఎముక మీద కత్తి పడకూడదు.

ఎందుకో చెప్తాను. ముందుకీ బయటికీ వంగిన టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక), ఒక్క కాలికే ఉండటం, ఆరు లేదా అంతకు మించి కాఫీ రంగు మచ్చలు, ఈ మూడూ కలిస్తే మేము మొదట అనుమానించేది పుట్టుకతో వచ్చే టిబియా సూడార్థ్రోసిస్. సూడార్థ్రోసిస్ అంటే దొంగ కీలు. అతుక్కోవాల్సిన ఎముక అతుక్కోక, విరిగిన చోట లేని కీలు ఒకటి పుట్టి కాలు అక్కడ మడత పడుతుంది. చాలా అరుదు. సుమారు లక్షన్నర నుంచి రెండున్నర లక్షల పుట్టుకల్లో ఒకటి. నా అనుభవంలో చూసింది ముగ్గురినే.

చూడటానికి ఎముక వంగినట్టే ఉంటుంది, కానీ అసలు తగువు ఎముక మీద ఉండే పొరతో. దాన్ని పెరియోస్టియం అంటారు. మామూలు పిల్లల్లో విరిగిన ఎముకకి కొత్త ఎముక పోసేది అదే. ఈ జబ్బులో వంపు దగ్గర ఆ పొర మందంగా, పీచులా తయారై ఎముకని బిగించి, రక్తం అందకుండా చేస్తుంది. అందుకే అక్కడ కోసి నిటారు చేసి ప్లేటు వేస్తే, మనమే చేతులారా విరగ్గొట్టినట్టు. అది అతుక్కోకపోవచ్చు. "చిన్న పిల్లలకి త్వరగా అతుక్కుంటుంది" అన్న మాట మిగతా ఎముకలకి నిజం, దీనికి కాదు.

ఇక మచ్చల సంగతి. ఈ కాలు ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి న్యూరోఫైబ్రొమాటోసిస్ ఒకటో రకం ఉంటుంది. 17వ క్రోమోజోమ్ మీద ఒక జన్యువులో మార్పు వల్ల వస్తుంది. అది ఉన్న అమ్మకో నాన్నకో పుట్టే ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం. సగం మందిలో ఇంట్లో ఎవరికీ లేకుండానే కొత్తగా పుడుతుంది. మీకు ఉందో లేదో పరీక్షలో తేలాలి. ఉన్నా, మీరు చేసిన తప్పేమీ కాదు అది.

---

రాయగడ_అప్ప · జూన్ 16, ఉదయం 5:30

బాబూ, నేను ఏఎన్ఎంగా ముప్పై రెండేళ్లు చేసి రిటైరయ్యాను. రాయగడ కొండల్లో తిరగని ఊరు లేదు. మీ అమ్మగారికి ఒక మాట చెప్పు. గ్రహణం నాడు కడుపుతో ఉన్న పిల్ల కూరలు తరిగిందనో, సూది పట్టిందనో కోడల్ని అంటారు చూడు, ఆ మాటలు ఈ గుంటదాని విషయంలో ఇంట్లో రాకుండా చూసుకో. నేను అవి వినీ వినీ విసిగిపోయాను. ఒకమ్మాయి ఆ మాట పడలేక పుట్టింటికి వెళ్లిపోయింది, బిడ్డ కాలు ఎవరూ చూడలేదు.

ఇంకోటి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) డాక్టర్ల బృందం వస్తుంది, పుట్టుక లోపాలు కూడా చూస్తారు. 2013 నుంచి ఉంది ఆ పథకం. వాళ్ల చేత చీటీ రాయించుకుంటే జిల్లా కేంద్రానికీ, అక్కడి నుంచి పెద్ద ఆసుపత్రికీ పంపుతారు. మీ చోట రాకపోతే అంగన్‌వాడీ అమ్మాయిని గట్టిగా అడుగు.

కంటి డాక్టరుకి కూడా చూపించు. ఈ మచ్చల జబ్బున్న పిల్లలకి కంటి నరం మీద గడ్డ రావచ్చని, ఏటా చూపించాలని నాకు శిక్షణలో చెప్పారు.

---

బరంపురం_ఎముకలు · జూన్ 16, ఉదయం 7:40

అప్పా, సరిగ్గా చెప్పారు. కన్నుతో పాటు బీపీ, వెన్నెముక కూడా ఏటా చూడాలి.

---

గుణుపురం_రైలు · జూన్ 16, మధ్యాహ్నం 2:15

తమ్ముడూ, ఈ శీర్షిక చూసి చేతిలో పని వదిలేసి రాస్తున్నాను. ఆ కాలు నాది. కుడి కాలు. నాకు నలభై ఒకటి.

నాకు నాలుగేళ్లప్పుడు మీకు చెప్పినట్టే చెప్పారు. కోశారు, ప్లేటు వేశారు. ఏ ఊళ్లో, ఎవరు అని అడక్కండి, ఆ డాక్టరు ఇప్పుడు లేడు. మంచి మనిషే. తెలియక చేశాడు. ఆరు నెలలకి కట్టు విప్పితే కాలు మధ్యలో మెత్తగా మడత పడింది. మా అమ్మ అరుపు నాకు ఇప్పటికీ గుర్తు. అక్కణ్నుంచి మొత్తం ఏడు ఆపరేషన్లు.

తుంటి ఎముక తీసి పెట్టారు, అది కరిగిపోయింది. ఇంకోసారి పెట్టారు, అదీ కరిగిపోయింది. 1997లో నాకు పదమూడేళ్లప్పుడు రింగులు వేశారు, ఇలిజారోవ్. అది ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే రేపు మీ పాపకి అవసరం పడితే ఎవరూ ముందు చెప్పరు.

కాలి చుట్టూ నాలుగు రింగులు. వాటి నుంచి సన్నటి తీగలు చర్మం లోంచి ఎముక లోంచి అవతలికి వెళ్తాయి. రోజుకి ఒక మిల్లీమీటరు జరగాలి, ఒకేసారి తిప్పకూడదు, నాలుగు పావులుగా తిప్పాలి. పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, రాత్రి పడుకునే ముందు. మా నాన్న గుణుపురం బజారులో సైకిలు షాపతని దగ్గర పదో నంబరు స్పానర్ కొన్నాడు. నట్టు మీద ఏ వైపు ఎక్కడ ఉందో తప్పిపోకుండా మా అక్క గోళ్ల రంగు తెచ్చి ఎర్ర చుక్క పెట్టింది. ఆ చుక్క తిరగడం చూస్తే ఈ రోజుకి పని అయిందని తెలిసేది.

పిన్నుల చుట్టూ రోజూ శుభ్రం చేయాలి. కాచి చల్లార్చిన నీళ్లు, దూది, బెటాడిన్. దూది పోగు పిన్నుకి చుట్టుకుంటే తీయడం నరకం, అందుకని గాయాలకి కట్టే గాజ్ గుడ్డ వాడటం మొదలుపెట్టాం. చుట్టూ ఎర్రబడి, వేడిగా ఉండి, పసుపు నీరు కారితే ఆ రోజే డాక్టరుకి చూపించాలి. మూడుసార్లు చీము పట్టింది నాకు. ప్యాంటు పక్క కుట్టు విప్పి వెల్‌క్రో పెట్టించారు. దోమతెర రింగులకి చిక్కుకుంటుంది, నిద్రలో గుర్తుండదు.

పదకొండు నెలలు. అతుక్కుంది. పదిహేడేళ్లప్పుడు మా ఊరి చిన్న రైలు దిగుతూ జారితే మళ్లీ అదే చోట విరిగింది. 2001 అది. ఈసారి లోపల కడ్డీ వేసి, మళ్లీ ఎముక పెట్టి, పీచు పొర మొత్తం గీకేశారు. ఆ తర్వాత విరగలేదు. కాలు మూడున్నర సెంటీమీటర్లు పొట్టి. చెప్పుకి ఎత్తు వేయించుకుంటాను. రెండో కాలు మీద నిలబడి ఫోటో తీసుకుంటాను, అంతే తేడా.

కాబట్టి మొదటి కోత ఆపు. అదొక్కటి ఆపితే నీ పాపకి నా కంటే మంచి ఆట దొరుకుతుంది.

---

పర్లాకిమిడి_నాన్న · జూన్ 16, రాత్రి 10:30

అన్నా, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి వద్దన్నాను. కోప్పడ్డారు, అడ్వాన్సు తిరిగి రాదన్నారు. సరే అన్నాను.

---

జీపు_డ్రైవర్_గుడారి · జూన్ 17, ఉదయం 9:00

ఇంత దూరం ఎందుకు, మా వైపు ఒక వైద్యుడు వెదురు బద్దలు పెట్టి ఆకు పసరుతో కట్టు కడితే ఎలాంటి వంకరైనా

[నిర్వాహకుడు: మిగతా వ్యాఖ్య, ఫోన్ నంబరు తీసేశాం. ఈ చర్చలో ఎవరి నంబర్లూ పెట్టవద్దు.]

---

కిన్వట్_కొలతలు · జూన్ 17, ఉదయం 11:25

నేను కృత్రిమ అవయవాలు, కాలిపర్లు తయారు చేసే పని చేస్తాను. మాది నాందేడ్ జిల్లా కిన్వట్, ఆదిలాబాద్ ఇటు పక్కనే. పై వ్యాఖ్యకి ఒక్కటే జవాబు. బద్ద కట్టు బిగిస్తే మామూలుగా విరిగిన ఎముకకే రక్తం ఆగి వేళ్లు నల్లబడిన పిల్లల్ని చూశాను. ఈ కాలుకి అసలు వద్దు.

ఇక బ్రేస్ సంగతి. డాక్టరు గారు ఒప్పుకుంటే పాపకి ముందు కావాల్సింది అదే. మోకాలి కింద ముందొక చిప్ప, వెనకొక చిప్ప, ఆల్చిప్పలా మూసుకుంటాయి, వెల్‌క్రోతో బిగిస్తారు. దాని పని కాలుని నిటారు చేయడం కాదు, విరగకుండా కాపాడటం. చాలామంది తల్లిదండ్రులు నెల తర్వాత వచ్చి "వంకర అలాగే ఉంది, మీ బ్రేస్ పని చేయలేదు" అంటారు. విరగలేదు కదా, అదే పని చేయడం.

అచ్చు తీసేటప్పుడు పాప కదలకూడదు. నిద్రపోయే వేళ చూసుకుని తీసుకెళ్లండి.

---

పర్లాకిమిడి_నాన్న · జూన్ 17, సాయంత్రం 4:00

ఒక డబ్బుల ప్రశ్న. నా రేషన్ కార్డు ఒడిశాది. విశాఖ మాకు దగ్గర, మా ఆవిడ వాళ్లకి ఆంధ్రా కార్డు ఉంది. ఏ కార్డు మీద ఎక్కడ చూస్తారు?

---

రాయగడ_అప్ప · జూన్ 17, రాత్రి 7:10

బిడ్డది నీ కార్డులో పేరు ఉంటే నీ కార్డే. ఒడిశాలో ఉచిత వైద్యానికి మనం ఇన్నాళ్లూ బిజు కార్డు అన్నది ఇప్పుడు ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి ఒకటే కార్డు, ఈ ఏప్రిల్ నుంచి. ఇంటికి ఏడాదికి ఐదు లక్షలు, ఆడవాళ్లకి ఇంకో ఐదు. బయటి రాష్ట్రంలో కూడా ఆయుష్మాన్ ఆసుపత్రి అయితే చెల్లుతుంది. వెళ్లే ముందే ఆ ఆసుపత్రిలో ఆరోగ్య మిత్ర బల్ల దగ్గర ఈ ఆపరేషన్ ప్యాకేజీలో ఉందా అని అడుగు. ఉందని నోటితో అంటే నమ్మకు, రాయించుకో.

---

షోలాపూర్_చద్దరు · జూన్ 18, రాత్రి 12:40

గుణుపురం అన్నకి గౌరవంతోనే ఒక మాట. నాది కూడా ఆ కాలే, ఎడమది. నాకు ఇరవై తొమ్మిది. మా తాతలు తెలంగాణ నుంచి మగ్గం పనికి షోలాపూర్ వచ్చారు, మేం ఇక్కడే పుట్టాం.

నాకు నాలుగు ఆపరేషన్లు అయ్యాక, పదేళ్లప్పుడు చీలమండ దగ్గర కాలు తీసేశారు. మా అమ్మానాన్నలు రెండేళ్లు ఏడ్చి ఒప్పుకున్నారు. ఆ రెండేళ్లు నాకు వృథా. కాలు తీసిన మూడు నెలలకి కృత్రిమ కాలుతో స్కూలు మెట్లు ఎక్కాను. అంతకు ముందు ఆరేళ్లు నేను స్కూలు కంటే వార్డు ఎక్కువ చూశాను. ఇప్పుడు టెర్రీ టవల్ కార్ఖానాలో లెక్కలు చూస్తాను, నిలబడే పని, స్కూటీ నడుపుతాను.

కాలు దక్కించుకోవడం గొప్ప, తీసేయించుకోవడం ఓటమి అని మనవాళ్లు లెక్క వేస్తారు. ఏడో ఆపరేషన్ దాకా వెళ్లే ముందు ఆ పిల్లని కూడా అడగండి అంటాను.

---

గుణుపురం_రైలు · జూన్ 18, ఉదయం 6:20

చెల్లీ, నువ్వన్నది నేను కొట్టిపారేయను. నాకు పన్నెండో ఏట ఒక డాక్టరు అదే చెప్పాడు. మా నాన్న లేచి వచ్చేశాడు. ఆయన ఒప్పుకుని ఉంటే నాకు మూడు ఆపరేషన్లు తగ్గేవి, అది నిజం. కానీ ఇవాళ పొలం గట్టు మీద నా సొంత మడమ ఆనుతుంటే నాకు అదీ నిజమే. ఇద్దరం ఒకే రోగానికి రెండు లెక్కలు.

పర్లాకిమిడి తమ్ముడి పాప ఇంకా విరగలేదు. ఈ మాట ఆమె దాకా రావాలా వద్దా అన్నది తర్వాత.

---

బరంపురం_ఎముకలు · జూన్ 18, రాత్రి 10:00

ఈ ఇద్దరి మాటలూ పాఠ్యపుస్తకంలో ఉండాల్సినవి. షోలాపూర్ గారి విషయంలో ఎముక మధ్యలో కాకుండా చీలమండ దగ్గర తీయడానికి కారణం ఉంది. పిల్లల్లో ఎముక మధ్యలో కోస్తే ఆ కొన పెరుగుతూ చర్మంలోకి పొడుచుకువస్తుంది, మళ్లీ మళ్లీ చెక్కాల్సి వస్తుంది. మడమ చర్మం కింద పెట్టి మూస్తే బరువు నేరుగా ఆనుతుంది, కృత్రిమ కాలు తీసినా ఇంట్లో నాలుగడుగులు వేయొచ్చు.

ఇప్పుడు ఆపరేషన్ ఎలా మారిందో చెప్తాను. గుణుపురం గారికి ముక్కలు ముక్కలుగా జరిగినవన్నీ ఇప్పుడు ఒకేసారి చేస్తున్నారు. జబ్బు పొర మొత్తం తీసేయడం, తుంటి నుంచి ఎముక తెచ్చి నింపడం, ఎముక లోపల కడ్డీ, బయట రింగులు. పిల్ల పెరిగేకొద్దీ తనూ పొడుగయ్యే టెలిస్కోపు కడ్డీలు వచ్చాయి. మరో పద్ధతిలో టిబియాని పక్కనున్న సన్న ఎముక ఫిబులాతో కలిపి ఒకే మందపాటి ఎముకగా అతికిస్తారు, దాన్ని క్రాస్ యూనియన్ అంటారు. రెండు ఎముకలు ఒకటైతే మళ్లీ విరిగే భయం బాగా తగ్గుతుంది. ఎముక కరగకుండా జోలెడ్రోనిక్ ఆమ్లం సెలైన్‌లో ఎక్కిస్తారు. ఇంకొందరు మంచి కాలి నుంచి ఫిబులాని దాని రక్తనాళాలతో సహా తీసి ఇక్కడ సూక్ష్మదర్శిని కింద కుడతారు. దానికి మంచి కాలి చీలమండ తర్వాత పక్కకి ఒరిగే ప్రమాదం ఉంది, జాగ్రత్త పడాలి.

ఏ వయసులో అన్నది మా వాళ్లలోనే తగువు. పాతవాళ్లు మూడేళ్లు దాటాక అనేవారు, ఇప్పుడు విరిగితే ముందే చేసేవాళ్లూ ఉన్నారు. ఒక్క విషయంలో అందరం ఒకటే. అతుక్కున్నాక కూడా ఎదుగుదల ఆగేదాకా బ్రేస్ వదలకూడదు. అతుక్కోవడం సగం ఆటే.

రింగుల మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. గావ్రిల్ ఇలిజారోవ్ అనే డాక్టరు సైబీరియాలో కుర్గాన్ అనే మారుమూల ఊళ్లో 1950ల్లో ఇది కనిపెట్టాడు. చాలా ఏళ్లు మాస్కోలో పెద్దవాళ్లు పట్టించుకోలేదు. 1964 ఒలింపిక్స్‌లో హైజంప్ బంగారు పతకం గెలిచిన వలేరీ బ్రుమెల్ మరుసటి ఏడాది మోటారుసైకిల్ ప్రమాదంలో కాలు నుజ్జు చేసుకుని, ఎన్నో ఆపరేషన్లు విఫలమై, 1968లో ఈయన దగ్గరికి వెళ్లాడు. కాలు అతుక్కుంది, మళ్లీ దూకాడు. అప్పుడు సోవియట్ దేశమంతా తెలిసింది. మారుమూల ఊళ్లో ఉన్నాం కదా అని మనం చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

---

సిరొంచ_గట్టు · జూన్ 19, ఉదయం 7:00

డాక్టరు గారూ, నేను నరం అన్నది స్నాయువా! ఐదేళ్లుగా అందరికీ నరం అనే చెప్తున్నాను.

---

పర్లాకిమిడి_నాన్న · జూలై 23, రాత్రి 10:15

ఆలస్యానికి క్షమించండి. రథయాత్ర రద్దీ తగ్గాక బరంపురం నుంచి రైల్లో కటక్ వెళ్లి, అక్కడి నుంచి ఒలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ సంస్థలో చూపించాం. ఇక్కడ మీరందరూ అనుమానించిందే చెప్పారు. ఎముక ఇంకా విరగలేదు. ఆపరేషన్ ఇప్పుడు వద్దు, బ్రేస్, మూడు నెలలకోసారి ఎక్స్‌రే.

అచ్చు తీసేటప్పుడు పాప నిద్రపోలేదు. పిండి చల్లగా తగలగానే కేకలు. పక్క మంచం మీద ఒక ముసలాయన ఒడియాలో పాట పాడుతూ చప్పట్లు కొడితే ఆగి చూసింది, ఆ లోపు అయిపోయింది. బ్రేస్ మీద గులాబీ రంగు కావాలా అని అడిగారు. మా ఆవిడ వద్దంది, పాప వేలు పెట్టి చూపించింది, గులాబీ రంగే వచ్చింది.

నాకు కూడా పరీక్ష చేశారు. ఆ జబ్బే. బీపీ కొంచెం ఎక్కువ ఉంది, మాత్ర మొదలుపెట్టారు. నలభైకి ఇంకా ఆరేళ్లు ఉంది, ఇన్నాళ్లూ ఎవరూ నా చొక్కా విప్పి చూడలేదు. మా అమ్మకి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మా నాన్న వీపు మీద కూడా ఉండేవని, తన పెళ్లప్పటి నుంచీ చూస్తున్నానని చెప్పింది.

---

రాయగడ_అప్ప · జూలై 24, ఉదయం 5:45

మాత్ర మానకు. రెండో బిడ్డ ఆలోచన ఉంటే ముందు జన్యు సలహా తీసుకోండి, భయపడి కాదు, తెలిసి నిర్ణయించుకోడానికి. కోడలు ఎలా ఉంది?

---

పర్లాకిమిడి_నాన్న · జూలై 24, రాత్రి 9:30

బాగానే ఉంది అప్పా. అమ్మ ఈ మధ్య తనే బ్రేస్ పట్టీలు బిగిస్తోంది, నేను వదులుగా పెడతానట.

---

కిన్వట్_కొలతలు · జూలై 25, మధ్యాహ్నం 1:10

పట్టీలు ఎవరు బిగించినా సరే, విప్పాక చర్మం చూడండి. ఎర్ర మచ్చ అరగంటలో పోతే మామూలే. పోకపోతే ఆ చోట ప్లాస్టిక్ వేడి చేసి లోపల కొంచెం జరపాలి, వాళ్లే చేస్తారు, మీరు ఇంట్లో కొవ్వొత్తి పెట్టకండి. ఒకాయన పెట్టి సగం చిప్ప కరిగించుకున్నాడు. పౌడరు చల్లొద్దు, చెమటతో ముద్ద కడుతుంది. స్నానానికి విప్పినప్పుడు పాపని దింపి నడిపించొద్దు, ఎత్తుకునే ఉండండి. స్నానాల గదిలో జారి విరిగిన కాలు ఒకటి నాకు తెలుసు. పిల్ల ఎదుగుతుంది కాబట్టి ఏడాది లోపే బ్రేస్ మార్చాలి.

---

పర్లాకిమిడి_నాన్న · అక్టోబరు 27, రాత్రి 8:50

మొదటి మూడు నెలల ఎక్స్‌రే అయింది. గీత కూడా లేదు, వంపు పెరగలేదు. కంటి పరీక్ష బాగుంది. దీపావళికి ఒక కాలికే గజ్జెల పట్టీ పెడితే ఊరుకోలేదు, గులాబీ బ్రేస్ మీద కూడా పెట్టమని గోల, పైన కట్టాం. నడిస్తే ఒక వైపు గజ్జెలు, ఒక వైపు ప్లాస్టిక్ మీద టకటక.

ఒకటే చిక్కు. బ్రేస్ లోపల వేసే మేజోళ్లు ఇక్కడ దొరకడం లేదు. దొరికినవాటికి వేళ్ల దగ్గర కుట్టు లావుగా ఉండి ఒరుసుకుంటోంది. పొడుగు కూడా చాలదు.

---

కిన్వట్_కొలతలు · అక్టోబరు 28, ఉదయం 10:05

పెద్దవాళ్ల పల్చటి నూలు బనియను పాతది ఉంటే చేతి భాగం గొట్టంలా కత్తిరించి తొడగండి, కుట్టు బయటికి వచ్చేలా. ఉతికి ఉతికి మెత్తబడిందైతే ఇంకా మంచిది.

---

షోలాపూర్_చద్దరు · అక్టోబరు 28, రాత్రి 9:15

బనియన్లు వద్దు, సాగిపోతాయి. నా కృత్రిమ కాలికి వేసుకునే మేజోళ్లు ఇక్కడ అల్లించుకుంటాను, కుట్టు ఉండదు. పాప పాదం పొడవు, పిక్క చుట్టుకొలత, మోకాలి దాకా ఎత్తు సెంటీమీటర్లలో నాకు ప్రైవేటు మెసేజ్ చేయండి. అరడజను పంపిస్తాను. గులాబీ రంగు నూలు ఉందో లేదో అడిగి చెప్తాను.